సెలవుల ఫీజు

సోమందేపల్లె,
28-5-2003

ప్రాణంతో సమానమైన ఉమక్కకు, చెల్లెలు మల్లీశ్వరి రాసేది.

ఆ మొదటి మాట దగ్గర ఈరోజు చెయ్యి ఆగింది. అయినా రాశాను. నిన్ను ఇంకో రకంగా పిలవడం నాకు తెలియదు.

మొన్న సోమవారం చింతపండు మండీలో సగం పూట సెలవడిగి, కూలికి పోయేవాళ్ళ పిల్లలను చూసుకునే మన ఊరి నర్సరీకి వెళ్ళాను. మన హేమ సెలవులకని వచ్చి రెండు నెలలుగా మడకశిరలో నీ దగ్గరే ఉంది కదా. బిడ్డ ఊరికి పోయినా ఆ నెలల ఫీజు కట్టాల్సిందేనని, తన మనవడికి అలాగే కట్టించుకున్నారని పక్కింటి బయమ్మ చెప్పింది. నేనెందుకు కట్టాలి అనుకున్నాను. దారి పొడుగునా ఏం మాట్లాడాలో కూర్చుకుంటూ పోయాను.

కృపాకుమారి టీచరమ్మ పిల్లలకు పలకలు పంచుతూ ఉంది. నేను వాకిట్లోనే మొదలుపెట్టాను. "టీచరమ్మా, రెండు నెలలుగా నా బిడ్డ మీ గడప తొక్కలేదు. ఈడ తినింది లేదు, పండుకునింది లేదు. ఫీజు ఎట్ల కట్టాల?"

ఆమె నా మొహంలోకి వింతగా చూసింది. "నిన్నెవరడిగినారమ్మా ఫీజు? సెలవుకు పోయిన పిల్లోళ్ళకైతే కట్టించుకుంటాము. జాగా పెట్టుకోవల్ల కదా, ఆయాకు జీతం ఇయ్యల్ల కదా. మీ పాప పేరు ఏప్రిల్‌లోనే తీసేసినామే. మీ ఆయనే వచ్చి కొట్టేయించినాడు. ఇంక మడకశిరలోనే చదువుకుంటాది, వాళ్ళ పెద్దమ్మకే ఇచ్చేసినాము అని చెప్పినాడు."

రిజిస్టరు తెచ్చి చూపించింది. హేమావతి అన్న పేరు మీద ఎర్ర గీత. పక్కన వీరేష్ సంతకం.

నాకు కాసేపు ఏమీ వినపడలేదు. పిల్లలు పాట పాడుతున్నట్టు నోళ్ళు కదులుతున్నాయి, అంతే. తర్వాత నేనేం చేశానో తెలుసా? కొంగుముడి విప్పి పోయిన వారం కూలి డబ్బులు బల్ల మీద పెట్టి, "రెండు నెలలదీ కట్టించుకో టీచరమ్మా. నా బిడ్డ సెలవుకే పోయింది. పేరు మళ్ళీ రాసుకో" అని చేతులు పట్టుకున్నాను. ఒక్క రూపాయి కట్టనని పోట్లాడటానికి పోయినదాన్ని. ఆమె డబ్బులు నా చేతిలోనే పెట్టి, "ముందు ఇంట్లో కనుక్కో పోమ్మా" అని నీళ్ళిచ్చింది.

ఇంటికొస్తే వీరేష్ ఎద్దులు అమ్మేసిన కొట్టంలో కూర్చుని ఉన్నాడు. అడిగాను. దాచలేదు.

"మూడేండ్లాయ, చెనిక్కాయ విత్తనం కూడా తిరిగి రాలా. బెంగళూరు పోదాం, ఇద్దరమూ బిల్డింగు పనికి. బిడ్డను ఆ ఇసకలో, సిమెంటులో యాడ పండుకోబెడతావు? ఆడుంటే మూడు పూట్ల తింటాది, చదువుకుంటాది."

"నాకొక మాట చెప్పల్లని లేదా?"

"చెప్తే నువ్వు ఒప్పుకోవు."

"అక్కకు తెలుసా?"

"అందురికీ తెలుసు" అన్నాడు, నేల చూస్తూ.

ఈ రెండు రోజులూ వంట చేస్తున్నాను, మండీకి పోతున్నాను, గింజలు తీస్తున్నాను. నా చేతులు వేరే ఎవరివో అయినట్టుంది. ప్రతి ఆదివారం ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసి "పాపను ఎప్పుడు పంపిస్తావక్కా" అని అడిగితే "ఎండలు తగ్గనీలే" అన్నావు. నేను ఎండల గురించే అనుకున్నాను.

ఫోనులో నలుగురి ముందర ఇది అడగలేను. బస్సెక్కి వస్తే బిడ్డ ముందర నిన్ను ఏమంటానో అని భయం. అందుకే రాస్తున్నాను. అక్కా, నీకు తెలుసా? తెలుసు, తెలియదు, ఏదో ఒక్క మాట చాలు.

నీ
మల్లీశ్వరి

*

మడకశిర,
2-6-2003

నా చిట్టి చెల్లెలు మల్లికి, అక్క ఉమాదేవి రాయునది.

తెలుసు.

అయితే వీరేష్ నాతో చెప్పింది వేరు. ఉగాది అయిన వారానికి వచ్చి, "మల్లి ఒప్పుకునింది వదినా. నీతో నోటితో చెప్పలేకపోతా ఉంది, నువ్వు అడగొద్దు, అడిగితే ఏడుస్తాది" అన్నాడు. మీ బావ సరేనన్నాడు. నేను నమ్మాను.

ఇక్కడిదాకా రాసి, చదువుకుని, కాగితం చించేద్దామనుకున్నాను. నమ్మాననడం అబద్ధం మల్లీ. నమ్మాలనుకున్నాను. బిడ్డను ఇచ్చేసిన తల్లి వారం వారం ఫోన్ చేసి ఎప్పుడు పంపిస్తావని అడగదు. మొదటి ఆదివారమే నాకు అర్థమైంది, నీకేమీ తెలియదని. అయినా ఎండలు తగ్గనీ అన్నాను. పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో మేమిద్దరమే. పొద్దున్నే లేచి జడ వేయడానికి ఒక తల దొరికింది. దాన్ని వదులుకోవడానికి నా నోరు రాలేదు.

ఇంకా ఉంది. ఇక్కడి స్కూల్లో చేర్పించాను. తల్లి పేరు అన్నచోట నా పేరు రాశాను. ఎవరూ బలవంతపెట్టలేదు.

నీ ఉత్తరం ఈ పొద్దున వచ్చింది. నిలబడే చదివాను. హేమను తీసుకుని నేరుగా స్కూలుకు పోయాను. పేరు తీసేయమంటే, సెలవుల్లోనూ అడ్మిషన్ల కోసం వచ్చి కూర్చున్న హెడ్మాస్టరు, "ఏమమ్మా, ఏమన్నా తప్పు పడిందా?" అని అడిగాడు. "పడింది సార్, నా చేత్తోనే పడింది" అన్నాను. ఆయన పేరు కొట్టేశాడు.

తిరిగొచ్చేటప్పుడు, "అమ్మ దగ్గరికి పోదామా?" అన్నాను. మన హేమ నడిచేది ఆగిపోయింది. "అమ్మ ఈడికే వస్తాదని చెప్పినావే పెద్దమ్మా?" అంది. అవును, చెప్పాను. రోజూ సాయంత్రం ఏడ్చేది, అందుకని చెప్పాను. బిడ్డ రెండు నెలలు ఆ మాటనే పట్టుకుని ఉంది. నీకు ద్రోహం చేశానని ఉత్తరం చదివినప్పుడే తెలుసు. బిడ్డకు కూడా చేశానని అప్పుడు తెలిసింది.

మీ బావ "ఇంకొన్ని దినాలు చూస్తాము" అన్నాడు. వద్దన్నాను. నా పెళ్ళైనప్పటి నుంచి ఆయన మాట కాదన్నది ఇదే మొదలు.

బెంగళూరు పోవడమా మానడమా అనేది మీ మొగుడూ పెళ్ళాల మాట. బిడ్డ ఎక్కడ ఉండాలన్నది నీ మాట. ఎప్పుడైనా నా దగ్గర ఉంచాలనిపిస్తే, నువ్వు నా ఎదుట నిలబడి నోటితో చెప్పాలి. వీరేష్ చెబితే నేను వినను. మీ బావ చెప్పినా వినను.

శుక్రవారం పొద్దున బయలుదేరి, పెనుకొండలో బస్సు మారి, పదకొండుకల్లా సోమందేపల్లెలో దిగుతాము. నువ్వే స్టాండుకు రా. నన్ను తిట్టాలనుంటే తిట్టు, మాట్లాడకపోయినా సరే. ఇంటికి మాత్రం రమ్మనొద్దు. హేమను నీ చేతికిచ్చి ఆ నిమిషమే వెనక్కి బస్సెక్కుతాను. నీ ఇంట్లో కూర్చుని ఒక గ్లాసు నీళ్ళు తాగానంటే, బిడ్డను నాకే ఇచ్చేయమని నిన్ను అడిగేస్తాను.

మీ అక్క
ఉమాదేవి