ఎస్మెరాల్దా అనే నా మనవరాలికి

కళుగుమలై దారిలోని మా పల్లెలో ఉంటున్న, కీర్తిశేషుడు నల్లసామి భార్య మరకతమ్మాళ్ అనే నేను, ఒళ్లు చెడినా తెలివి చెడకుండా, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. నా వ్యాధికి ఇక మందు లేదని డాక్టరమ్మ చెప్పింది. ఇంతకుముందు నేను వేరే వీలునామా రాయలేదు.

1. నా పుట్టింటివారిచ్చిన నల్లరేగడి చేను నా తమ్ముడి కొడుకు హరికృష్ణన్‌కు సర్వహక్కులతో చెందాలి. ఈ వీలునామాను అమలు జరపవలసినవాడూ అతనే. వాన లేని ఆ చేనులో ఏం పండుతుందో నాకు తెలుసు. అమ్ముకున్నా తప్పుపట్టను.

2. ఆడబిడ్డ సుబ్బమ్మాళ్‌కు ఏమీ లేదు. నా కూతురి శవం ఇంట్లో ఉండగానే బీరువా తాళాలు అడిగిన మనిషి ఆమె. వంటపాత్రలన్నీ పక్కింటి వసంతికి. ఇప్పుడు నాకు గంజి కాచి పోస్తున్నది ఆమే.

3. పచ్చరాయి పొదిగిన నా ముక్కుపుడక నా మనవరాలు ఎస్మెరాల్దాకు చెందాలి. ఇప్పుడు ఏ రికార్డులోనూ ఆ పేరు లేదు కనుక ఆమె ఎవరో చెప్పాలి.

నా ఒక్కగానొక్క కూతురు సంగవి కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెలు విదేశాలకు పంపే ఆఫీసులో పనిచేసేది. స్పానిష్ మాట్లాడే దేశానికి పోయే పెట్టెల మీద పచ్చరాయి బొమ్మ, దాని కింద ఆ పేరు ఉండేవి. అర్థం తెలుసుకుని ఒకనాడు ఇంటికి పరుగున వచ్చింది. "అమ్మా, ఆడబిడ్డలకు పెట్టే పేరంట ఇది. పచ్చరాయి అని అర్తం. గ్రీకువాల్ల మాట ఒకటి అట్ల పొయ్యి ఎస్మెరాల్దా ఆయె, ఇట్ల వొచ్చి మరకతం ఆయె అంటారు. నీ పేరేమ్మా, సముద్రం ఆ పక్క!" అంది. తనకు ఆడపిల్ల పుడితే ఆ పేరే పెట్టింది.

పిల్లకు మాటలు రాకముందే సంగవి డెంగీతో పోయింది. అల్లుడు సెంథిల్‌కుమార్ పిల్లను విరుదునగర్ తీసుకుపోయి, మళ్లీ పెళ్లి చేసుకుని, పిల్ల పేరు శివరంజని అని మార్చాడు. "అచ్చిరాని పేరు అత్తా. తల్లిని మింగినాది," అన్నాడు. నన్ను రావద్దన్నాడు.

ఒళ్లు ఇంకా సహకరిస్తుండగానే ఒక్కసారి చూద్దామని పోయిన వేసవిలో వెళ్లాను. పిల్ల వాకిట్లో ఆడుకుంటోంది. ఎస్మెరాల్దా అని పిలిచాను. తిరిగి చూడలేదు. దగ్గరికెళ్లి మళ్లీ పిలిచాను. "అది నేను గాదు అవ్వా. నా పేరు శివరంజని," అంది మర్యాదగా, దారి తప్పిన ముసలిదానితో మాట్లాడినట్టు. గడ్డం అచ్చం సంగవిదే. నేనెవరో చెప్పకుండానే బస్సెక్కాను.

4. ఆమె మేజరయ్యాక హరికృష్ణన్ ఆ ముక్కుపుడకను స్వయంగా ఇచ్చి, తల్లి పెట్టిన పేరునూ దాని అర్థాన్నీ ఒక్కసారి చెప్పాలి. వద్దంటే బతిమాలకూడదు. వద్దనే అంటుందని నాకు అనిపిస్తోంది.

5. నా చావు కబురు అల్లుడికి చేర్చాలి. పిల్లను తీసుకురమ్మని మాత్రం అడగకూడదు. అతను తీసుకురాడు. కాదనిపించుకోవడం నాతోనే ఆగిపోవాలి.

కోవిల్‌పట్టి, 19 ఆగస్టు 2024
(సంతకం) న. మరకతమ్మాళ్

మా కళ్లెదుట ఆమె సంతకం చేయగా చూసిన సాక్షులు:
ముత్తుకృష్ణన్
వాసుకి