చద్దన్నం మీద నింద

మంగళవారం, రాత్రి

మూలకణాల మార్పిడికి ముందు పాపకు చేసిన పరీక్ష గురించి ఈరోజు కోల్‌కతా డాక్టరు చెప్పాడు. పేగుల్లో రకరకాల మంచి బాక్టీరియా ఉన్న పిల్లలు మెరుగ్గా కోలుకుంటున్నారట. మా పాపకు ఒకటి రెండు రకాలే మిగిలాయట. యాంటీబయాటిక్స్ ఎక్కువ వాడారా అని అడిగితే లేదన్నాను.

రైల్వే ఆసుపత్రిలో మా ఆయనకిచ్చిన యాంటీబయాటిక్ మాత్రల్లో మిగిలినవి డబ్బాలో దాచి, పాపకు జలుబు చేసినప్పుడల్లా సగం విరిచి వేసింది నేనే.

ఖరిదా పేటలోని మా ఇంటికి రాగానే అత్త గుమ్మంలోనే అడిగింది.

"ఏటన్నాడే డాక్టరు? నానెట్టిన సద్దన్నం వల్లేనేటి?"

చద్దన్నం ఊసే డాక్టరు ఎత్తలేదు.

"అవునత్తా," అన్నాను.

అప్పటినుంచి ఆమె పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. నేను రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.