కోటయ్య పడవ మీద మనిద్దరం

శీనా,

వేట నిషేధం అయిపోవస్తోంది. నువ్వు పోయినాక పడవలకు రంగులేసే పని నేనే చేస్తున్నా. నిన్న కోటయ్య మామ పడవకు పాత నీలం గీకుతుంటే, అడుగున మనిద్దరం బయటపడినాం. మనలాంటి మగోళ్ళ ప్రేమ నేరం కాదని కోర్టు చెప్పిన ఏడు నువ్వు గీసిన బొమ్మే. చేతులు పట్టుకోని, సముద్రం వైపు చూస్తా ఉంటాం. అప్పుడు కాండ్రించి ఊసి, దాని మీద నీలం పూయించింది ఈ మామే.

ముసలోడికి అదేం గుర్తు లేదు. "రామలక్ష్మణులు రా, వాళ్ళే వెలిసినారు" అని కళ్ళకద్దుకున్నాడు. ఊరంతా వచ్చి కుంకం పెట్టి, టెంకాయలు కొట్టినారు. నీ గడ్డం కిందున్న మచ్చకు కూడా పసుపు పూసినారు. నీ పాడె మొయ్యడానికి రాని చేతులే అన్నీ. చూస్తా ఉంటే అసయ్యమేసింది.

"విల్లమ్ములు ఒక్కటే తక్కువ, గీసెయ్యి" అన్నాడు మామ.

విల్లు పట్టాలంటే పట్టుకున్న చేతులు విడదీయాల. తలూపి, అందరూ అన్నాలకు పోయిందాకా ఆగినా. విల్లు గీయలేదు. కాళ్ళ కింద నీ పేరు, పక్కనే నా పేరు పెద్దక్షరాలతో రాసినా.

రేపు పొద్దున పూజకు వస్తారంట. రానీ. చదివి, అప్పుడు మొక్కమను.