కూల్‌డ్రింక్ సీసాలో ఫినాయిల్

మంగళవారం, ఏలూరు

మధ్యాహ్నం నేల తుడుస్తుంటే వెనక నుంచి బుజ్జి, "అమ్మా, జూస్!" అంది. తిరిగి చూస్తే, నేను ఫినాయిల్ పోసిపెట్టిన కూల్‌డ్రింక్ సీసా దాని చేతిలో ఉంది. మూత కూడా తీసేసింది. లాక్కుంటే గుక్కపెట్టి ఏడ్చింది. దాని నోరు మళ్లీ మళ్లీ వాసన చూశాను. తాగలేదు.

ఆ సీసా పారేశాను. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ అన్నీ అటక మీదకి ఎక్కించేశాను.

మండవల్లి చేపల చెరువు దగ్గరున్న మా ఆయనకి ఫోన్ చేశాను.

"వల లాగుతున్నాం, తొందరగా చెప్పు" అన్నారు.

"ఏం లేదండీ, అన్నం తిన్నారా?" అన్నాను.

అమ్మకి చెబితే తిడుతుంది. ఈ వీధిలో ఇంకా ఎవరితోనూ మాటలు కలవలేదు.

"నీ తప్పేం లేదులే" అని ఎవరైనా అంటే బాగుండు. తప్పు నాదే. అయినా అంటే బాగుండు.