డూగల్డ్ కిల్టు ఎవరికి చెందాలంటే

కెనడా దేశం, నోవా స్కోషియా రాష్ట్రం, కేప్ బ్రెటన్ దీవి, బ్రోరా కోవ్ కాపురస్తురాలు, కీర్తిశేషులు హెక్టర్ మెక్‌కార్మిక్ గారి భార్య యూఫీమియా మెక్‌కార్మిక్ అను నేను, వయస్సు ఎనభై మూడు, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా వ్రాయించిన మరణశాసనం ఏమనగా: ఈ ఊళ్ళో రాయి విసిరితే మెక్‌కార్మిక్‌కే తగులుతుంది. అందులో యూఫీమియాలే ముగ్గురం. రేపు తగువు రాకుండా ఇప్పుడే చెబుతున్నాను, ఇన్వెరీ హైలాండర్స్ పటాలానికి కిల్టులు కుట్టిన, ఊరంతా సూది ఎఫీ అని పిలిచే యూఫీమియాని నేను. బుద్ధి స్థిరంగానే ఉంది. స్థిరంగా లేనివి మోకాళ్ళు, వాటిని ఎవరికీ రాసివ్వడం లేదు.

1. పోయిన క్రిస్మస్ ముందు వ్రాసిన నా వీలునామాను ఇందుమూలంగా పూర్తిగా రద్దు చేస్తున్నాను. దాన్ని మా లాయరు మర్డో కళ్ళముందే పొయ్యిలో పడేశాను. "అయ్యయ్యో, పాతది ఫైల్లో ఉండాలమ్మా!" అని లబలబలాడాడు పాపం. ఉండక్కర్లేదు. పటాలంతో అఫ్ఘనిస్తాన్ వెళ్ళిన నా మనవడు రోరీ కాందహార్‌లో మందుపాతర మీద కాలు వేసి, కుడికాలు మోకాలి కింద పోగొట్టుకుని వచ్చిన ఏడాది అది. ఏడుస్తూ రాసిన కాగితం చెల్లకూడదు.

2. నా ఇల్లూ, వెనక బంగాళదుంపల మడీ నా కొడుకు ఆలన్, కోడలు కేటీ సర్వహక్కులతో అనుభవించవలెను. ఇంటి కప్పు కారుతోందని ఇరవై ఏళ్ళుగా ఆలన్ చెవిలో జోరీగలా మొత్తుకుంటున్నాను. ఇకమీదట వాడి నెత్తి మీదే కారుతుంది గనక బాగుచేయించుకుంటాడు.

3. మా ఆడపడుచు జెస్సీకి నా నీలం ఉన్ని శాలువా. జెస్సీ నోరు మంచిది కాదు. కిందటేడు చర్చి హాల్లో టీ పోస్తూ, నలుగురూ వింటుండగా, "పోనీలే వదినా, కుర్రాడికి ఇక కిల్టుతో పనేముంది? పటాలం మ్యూజియానికి ఇచ్చెయ్, పుణ్యముంటుంది" అంది. ఆ కప్పు అక్కడే పెట్టేసి వచ్చేశాను. తరవాత తొమ్మిది నెలలు మాట్లాడలేదు. కానీ మా ఆయన పోయిన చలికాలమంతా నా పొయ్యిలో బొగ్గు వేసింది కూడా ఆ జెస్సీయే. చలికి దానికి భుజాలు పట్టేస్తాయి, శాలువా కప్పుకోమనండి.

4. ఇక అసలు సంగతి. మా నాన్న డూగల్డ్ కిల్టు.

మా పటాలం మగవాళ్ళు ప్యాంటుకి బదులు నడుం నుంచి మోకాళ్ళ దాకా కుచ్చిళ్ళు పెట్టి చుట్టుకునే ఎనిమిది గజాల గళ్ళ ఉన్ని గుడ్డ అది. మొదటి యుద్ధంలో మా నాన్న దాన్ని కట్టుకునే బురద కందకాల్లో ఉన్నాడు. తడిసిన అంచు రాత్రికి గడ్డకట్టి మోకాళ్ళు కోసేదట. కుచ్చిళ్ళలో పేలు పడితే కొవ్వొత్తి మంట చూపించి చంపేవారట. "జర్మనోడికన్నా పేనే మొండిది" అనేవాడు. రెండో యుద్ధం నాటికి కిల్టులు పెట్టెల్లో పెట్టేయండని ఆర్డరు వచ్చింది. అదే పటాలంలో చేరిన మా హెక్టర్ (అప్పటికింకా మా పెళ్ళి కాలేదు) మా నాన్న ఇచ్చిన ఈ కిల్టునే మడిచి పెట్టెలో పెట్టి, ఇటలీ అంతా ప్యాంటులో నడిచి, హాలండులో గెలిచాక బయటికి తీసి కట్టుకుని ఊరేగాడు. అక్కడి ఆడపిల్లలు ఎగబడి చూశారని చచ్చేదాకా కోతలు కోశాడు.

ముగ్గురి నడుములకీ ఈ గుడ్డ సరిపోయింది. నడుం పెరిగితే కుచ్చిళ్ళు వదులు చేస్తాం, తగ్గితే బిగిస్తాం. రోరీ పద్దెనిమిదేళ్ళకి పటాలంలో చేరగానే నేనే విప్పి కుట్టాను. వాడు తిరిగొచ్చాక దాన్ని తెచ్చి నా ఒళ్ళో పడేసి, "దీన్ని మ్యూజియం అద్దాల బీరువాకే ఇచ్చెయ్ నానమ్మా. ఈ కాలేసుకుని నేను వీధిలోకి రాను" అన్నాడు. అన్నట్టే రాలేదు. ఏడాది పాటు గదిలో కూర్చున్నాడు. పాత వీలునామాలో కిల్టు మ్యూజియానికి రాసింది అందుకే.

ఆ సంగతి తెలిసి, ఈ సెప్టెంబరులో మ్యూజియం వాళ్ళు కిల్టు తొడిగి కొలత చూడమని ఒక చెక్క బొమ్మను పంపారు. దాని నడుం చూస్తే పదేళ్ళ పిల్లాడిది. నాకు ఒళ్ళు మండింది. మండుతూనే ఒక ఉపాయం కూడా తట్టింది. రోరీని పిలిచి, "ఒరేయ్, ఈ బొమ్మ పనికిరాదు. కుచ్చిళ్ళు సర్దాలి, నీ నడుం ఒక్క గంట అప్పివ్వు" అన్నాను. సణుక్కుంటూనే వచ్చాడు. ప్యాంటు తొడగాలంటే వాడికి మంచం మీద కూలబడి, ఆ ఇనుప పాదంతో కుస్తీ పట్టాలి. కిల్టు నిలబడే చుట్టేసి, బకిల్ పెట్టేశాడు. అంచు సరిగ్గా ఉందో లేదో చూడాలంటే మా పటాలంలో కట్టుకున్న మనిషి మోకరిల్లాలి, అంచు నేలను తాకీ తాకనట్టుండాలి. వాడికి కష్టమని నేనే నేల మీద కూలబడి చూశాను. అంచు సరిపోయింది. నేను లేవలేకపోయాను. వాడు నన్ను లేపడానికి వంగి, ఇద్దరం కుర్చీ పట్టుకుని నవ్వుతూ పైకి లేచాం. ఏడాదిన్నర తరవాత విన్న నవ్వు అది.

గంట అయిపోయింది, వాడు విప్పలేదు. కట్టుకునే కూర్చుని టీ తాగి, ఓట్స్ రొట్టెలు నాలుగు తిన్నాడు. "హాయిగా ఉందే నానమ్మా" అన్నాడు. ఎక్కడ చెడుతుందోనని నేను గిన్నెలు కడగడంలో పడ్డాను.

మొన్న పదకొండున అమరవీరుల కవాతుకి వాడు అదే కట్టుకుని వచ్చాడు. ఎడంకాలికి నేనల్లిన మేజోడు, కుడివైపు ఉత్త ఇనుము, అందరికీ కనబడేలా. పటాలం సార్జెంట్ మేజర్ లాక్లన్ వరస చూసుకుంటూ వచ్చి వాడి ముందు ఆగాడు. జాలిగా ఒక్క మాటన్నా వీడు మళ్ళీ గదిలోకి పోతాడు. లాక్లన్ కిందికి చూసి, "మెక్‌కార్మిక్! ఆ ఎడం మేజోడు జారిందేంట్రా? మీ నానమ్మ చూస్తోంది, సిగ్గులేదూ? పైకి లాగు!" అని వీధి అదిరేలా కేకేశాడు. రోరీ వంగి లాక్కున్నాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. తిట్లు తిన్న సిపాయి మొహంలో అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు. అమ్మయ్య అనుకుని అక్కడే చలిలో నిలబడి భోరుమన్నాను.

కాబట్టి డూగల్డ్ కిల్టు నా తదనంతరం రోరీకే చెందవలెను. కట్టుకోవడానికి, దాచడానికి కాదు. చిరిగితే కుట్టించుకోవలెను.

5. మ్యూజియానికి వాళ్ళ చెక్క బొమ్మను వాపసు ఇవ్వవలెను. దానికి నా వంటింటి ఏప్రను తొడిగి పంపినా నాకు అభ్యంతరం లేదు.

6. లాక్లన్‌కు అటక మీది రమ్ము సీసా. మేజోడు రబ్బరు వదులైన మాట నిజమే, తప్పు నాది. ఆ తప్పు వల్లే వాడికి తిట్టడానికి ఏదో దొరికింది. బతికిపోయాం.

7. నా అంత్యక్రియల నిమిత్తం: శవపేటికను ఆరుగురు మోయవలెను. ముందు కుడివైపు రోరీ ఉండవలెను. "ఆ కొండదారిలో వాడెలా ఎక్కుతాడు" అని ఎవరైనా అడ్డుపడితే నా ఆస్తిలో వాళ్ళకు చిల్లిగవ్వ ఇవ్వరాదు. చర్చి నుంచి సమాధి దాకా మిగతా ఐదుగురూ వాడి అడుగుతోనే అడుగు కలపవలెను.

2011 నవంబరు 14, సోమవారం, బ్రోరా కోవ్.

(సంతకం) యూఫీమియా మెక్‌కార్మిక్

సాక్షులు:
మర్డో గిల్లిస్, లాయరు
జెస్సీ బీటన్, ఆడపడుచు (శాలువా సంగతి చదివాక కూడా సంతకం పెట్టింది)