అతికినట్టు కుట్టిన బట్టలు

కోడలు పిల్లా,

మీ మేనత్త దీవెనలు. కుట్టాల్సిన బట్టలు గుట్టగా పడున్నాయని, రేపు నీ ఆపరేషన్‌కి రాలేనని మీ నాన్నతో చెప్పాను. అబద్ధం. నీకు మొహం చూపించలేక రావడం లేదు.

మొన్న డాక్టరుగారు మనకి స్కాన్ చూపించి, "వీపు మీద ఎడమ రెక్క ఎముక లోపలి వైపు ఇంకో ఎముక పుట్టగొడుగులా పెరిగింది. క్యాన్సర్ కాదు. ఇక్కడ రావడం అరుదు, మామూలు ఎక్స్‌రేలో పక్కటెముకల చాటున దాక్కుంది. వీపు ఎత్తుగా ఉందని ఎవరూ గమనించలేదా?" అన్నారు.

"లేదండీ. మా అత్త కుట్టిన బట్టలు నాకెప్పుడూ అతికినట్టు ఉంటాయి" అన్నావు నువ్వు, గొప్పగా.

ఎందుకుండవు? నీ వీపు ఎత్తు నా టేపుకి ఎప్పుడో తెలుసు. వంగి కూర్చోవడం వల్లేననుకుని ఎడమ వైపు గుడ్డ వదులు పెట్టాను, కుడి వైపు అస్తరులో ప్యాడ్ పెట్టి సమం చేశాను. ఆడపిల్లవి, నలుగురి నోళ్లలో పడకూడదనుకున్నాను. నువ్వు నొప్పంటే "నిటారుగా కూర్చోవే" అని కసిరాను.

రేపటి తర్వాత నేను కుట్టినవేవీ నీకు సరిపోవు. కొత్త కొలతలకి నా దగ్గరికొస్తే నన్ను క్షమించావనుకుంటాను. రాకపోయినా నీ తప్పు లేదు. కానీ నీ వీపు చూసి నోరు విప్పే దర్జీ దగ్గరికే వెళ్లు.