ఎడమ చెవి అప్‌డేట్

అక్టోబరు 27, ఆదివారం

రువోయున్ రెండు రోజులుండి మధ్యాహ్నం బస్సుకి షించూ వెళ్ళిపోయింది. ఉద్యోగం చేసే కూతురు వచ్చి వెళ్ళాక ఇల్లు ఒక గంట సేపు ఎవరిదో అనిపిస్తుంది. తను కొత్త ఇయర్‌బడ్స్ కొనుక్కుందట, పాతవి నాకిచ్చింది. పాతవంటే రెండేళ్ళవి. తెల్ల డబ్బా, మూత మీద ఒక గీత. గిన్నెలు కడుగుతూ ఏదైనా వినొచ్చమ్మా అంది. అప్‌డేట్ ఒకటి పెండింగ్‌లో ఉంది, నొక్కితే కొత్త సదుపాయాలేవో వస్తాయి అని కూడా అంది. నొక్కలేదు. బాగా పనిచేస్తున్న వస్తువును కదిలించడం నాకు ఇష్టం ఉండదు.

ఇంకో మాట అంది. నానమ్మ నాతో మాట్లాడిందమ్మా అని. ఏమందని అడిగితే, అంతా పెద్దవాళ్ళ తైవానీస్‌లో గొణిగింది, నాకు సగమే తెలిసింది, బేసిన్ అనో ఏదో అంది. జపం అయ్యుంటుందిలే అన్నాను. అత్తయ్య పెదవులు రోజంతా ఆడుతూనే ఉంటాయి, చేతిలో పూసలు తిరుగుతూనే ఉంటాయి. గొంతు మాత్రం రాదు.

అత్తయ్య పుస్తకంలో ఈ రోజు: మందులు మూడు పూటలా. చిలగడదుంప గంజి, సగం గిన్నె. మాటలు 0.

అక్టోబరు 29, మంగళవారం

చెత్త బండి తప్పిపోయింది. ఈ నెలలో ఇది మూడోసారి. ఇరవై ఆరేళ్ళుగా బండి పాట మలుపు దగ్గర మొదలవగానే సంచులతో మెట్ల మీద ఉండేదాన్ని. ఈ రోజు కిటికీలోంచి చూస్తే బండి వెనక దీపాలు కనిపించాయి. కింది అంతస్తు యూ అక్క మెట్ల దగ్గర ఆపి, ఏం పీజూ, చెత్తను కూడా దాచుకుంటున్నావా, మీ అమ్మాయికి పెళ్ళి సారె పెడతావా అంది. పాట సౌండ్ తగ్గించేశారక్కా అన్నాను. తగ్గించారా, ఇంకాస్త పెంచితే రేవులో ఓడలు కూడా చెత్త పట్టుకుని వస్తాయి అని నవ్వింది. ఆమెకి అన్నిటికీ నవ్వే.

నవంబరు 2, శనివారం

మా ఆయన అన్నగారు తావోయువాన్ నుంచి వచ్చారు. అత్తయ్య ఎదురుగా కూర్చుని, నన్ను గుర్తుపట్టావా అమ్మా అని గట్టిగా అడిగారు. పెదవులు ఆడాయి, పూసలు తిరిగాయి. బావగారు నా వైపు చూశారు. నేను పుస్తకం తెచ్చాను.

జూన్‌లో అత్తయ్యకు చిన్న స్ట్రోక్ వచ్చాక డాక్టరు రాయమన్న పుస్తకం ఇది. మందులు, భోజనం, మాటలు, మూడు గడులు. జులైలో రోజుకి నలభై మాటలు. ఆగస్టు చివరికి పన్నెండు. సెప్టెంబరులో మూడు. అక్టోబరు తొమ్మిది నుంచి వరసగా సున్నలు. బావగారు ఆ సున్నల మీద వేలు జరుపుకుంటూ కిందిదాకా వెళ్ళారు. ఆసుపత్రిలో కూడా ఇంత శ్రద్ధగా రాయరమ్మాయ్ అన్నారు. మెప్పు విని సంతోషించినట్టు రాయడానికి సిగ్గుగా ఉంది, కాని సంతోషించాను.

కొండ మీది వృద్ధుల కేంద్రంలో, మతిమరుపు వార్డులో, డిసెంబరు రెండున ఒక మంచం ఖాళీ అవుతుందట. మనుషులను గుర్తుపట్టలేని మనిషిని నువ్వొక్కదానివి ఎంతకాలం చూస్తావు అన్నారు. మా ఆయన టగ్‌బోటులో ఇంజను మనిషి. ముప్ఫై ఏళ్ళ ఇంజను గది ఆయన చెవులను తినేసింది. ఏమంటున్నాడు అన్నయ్య అని నన్నే అడిగారు. గట్టిగా చెప్పాను. విని, ఈ ఇంట్లో చెవులు నీవే కదా, నువ్వేమంటావు అన్నారు. పుస్తకంలో ఉన్నదే నా మాట అన్నాను.

బావగారు అక్కడ చేర్పించే కాగితం మీద సంతకం పెట్టారు.

నవంబరు 4, సోమవారం

అత్తయ్యతో నా చివరి సంభాషణ మంచిది కాదు. ఆగస్టులో, ఏడో నెల పున్నమికి, దిక్కులేని ఆత్మల కోసం వాకిట్లో బల్ల వేశాం. బాతు, పళ్ళు, బిస్కెట్లు, సారా, అన్నీ నా లిస్టు ప్రకారం పెట్టాను. వాళ్ళు తినే ముందు మొహం కడుక్కోవాలి కదా, బేసిన్‌తో నీళ్ళూ తువ్వాలూ పెట్టడం మరిచాను. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి. ఆకలితో ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళను మురికి చేతులతో కూర్చోబెడతావా ఆజూ, ఇదేనా నీ లిస్టు అంది అత్తయ్య, యూ అక్క ఎదుటే. నన్ను ఆజూ అనేది అత్తయ్య ఒక్కతే. వచ్చే ఏడు మీరే పెట్టుకోండి అనేశాను.

ఆ తర్వాతే మాటలు తగ్గిపోయాయి. జబ్బు వల్లే అని తెలుసు.

నవంబరు 6, బుధవారం

ఈ ఏడు వాన తక్కువ. నవంబరులో మా కీలుంగ్ ఊరు ఇంత నిశ్శబ్దంగా ఉండటం నేను ఎరగను. బట్టలు మాత్రం ఆరడం లేదు.

నవంబరు 14, గురువారం, ఉదయం 10:10

యాప్ తెరిచిన ప్రతిసారీ ఎర్ర చుక్క. ఈ రోజు కూర్చుని ఆ అప్‌డేట్ గురించి అంతా చదివాను. చివర్లో వినికిడి సహాయం అని ఉంది. ముందు చెవులను పరీక్షిస్తుంది, తర్వాత ఆ చెవులకు సరిపడా చుట్టూ ఉన్న శబ్దాలను పెంచి వినిపిస్తుంది. మా ఆయన గుర్తొచ్చారు. చెవి మిషను పెట్టుకోమంటే నేనేం ముసలాణ్ణా అంటారు. ఇవైతే పాటలు వింటున్నాడనుకుంటారు.

నియమాలు కాగితం మీద రాసుకున్నాను. బడ్స్ రెండూ డబ్బాలో ఉండాలి, మూత తెరిచే ఉండాలి, ఫోను పక్కనే ఉండాలి, ఛార్జింగ్ సగానికి పైన ఉండాలి. మొదలుపెట్టే ముందు రెండిటినీ వంటింటి తూకం మీద పెట్టాను. ఒక్కోటి ఐదు గ్రాములు.

10:55

కుడిది మారింది. ఎడమది మారలేదు. తప్పు నాదే. ఈ ఊళ్ళో మూత తెరిచిన డబ్బా అంటే బూజుకి పిలుపు. బియ్యం, టీ ఆకు, ఎండు రొయ్యలు, ఏ డబ్బా తెరిచి కనిపించినా నా చెయ్యి దానంతటదే వెళ్ళి మూసేస్తుంది. అరవై రెండు శాతం దగ్గర టక్కున మూశాను. ఇప్పుడు ఒకే డబ్బాలో కుడిది కొత్త వెర్షన్, ఎడమది పాత వెర్షన్. ఒక మంచం మీద పడుకుని వేరు వేరు సంవత్సరాలలో నిద్ర లేచిన కవలల్లాగా ఉన్నాయి. ఎడమది నేను ఎన్నడూ వాడలేదు. ఎడమ చెవిని ఎప్పుడూ ఖాళీగానే ఉంచుతాను, అత్తయ్య పిలిస్తే వినపడాలని.

11:40

రెండోసారి. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. సన్నటి నీలం గీత ఎడమ నుంచి కుడికి పాకింది. చప్పుడు లేదు, వేడి లేదు. నూరు శాతం. ఒక చిన్న దీపం తెల్లగా వెలిగి ఆరింది.

మళ్ళీ తూచాను. ఐదు గ్రాములే. ఒక స్క్రూ విప్పలేదు, ఒక ముక్క మార్చలేదు. నిన్న చేతగాని పని ఈ రోజు వీటికి చేతనవును. ఎక్కడో కూర్చున్న ఎవరో, నా పేరు తెలియనివాళ్ళు, మా వంటింట్లోని ఈ గింజలకు చదువు చెప్పి పంపారు. వంట మొదలుపెట్టడం ఆలస్యమైంది. ఊరికే చూస్తూ కూర్చున్నాను.

నవంబరు 15, శుక్రవారం, ఉదయం 9:30

నేను నేర్చుకుంటేనే ఆయనకు నేర్పగలను. కాబట్టి పరీక్ష ముందు నేనే చేసుకున్నాను. శబ్దం వినిపిస్తే తెర నొక్కాలి. కుడి చెవిలో సన్నటి కూతలు, నొక్కాను. కాసేపు ఏమీ లేదు, మళ్ళీ కూత. ఎడమ చెవికి వచ్చేసరికి యాప్ ఆగిపోయింది. చాలాసేపు ఎదురు చూశాను. చుక్క మాత్రం తెర మీద వెలుగుతూ ఆరుతూ ఉంది.

ఆగిపోలేదు. ఫలితం వచ్చింది. కుడి గీత సగం దాకా వాలింది. ఎడమ గీత మా వీధి మెట్లు రేవుకి దిగినట్టు దిగిపోయింది. అప్‌డేట్ సరిగా ఎక్కలేదనుకుని మళ్ళీ చేశాను. మూడోసారీ చేశాను. అవే మెట్లు.

రువోయున్‌కి ఫోటో పంపాను, ఎవరివో రాయకుండా. వెంటనే ఫోన్ చేసింది. నాన్నవేనా, పరవాలేదే, నేను ఇంకా ఘోరం అనుకున్నా అంది. నావి అన్నాను. అయితే ఆ సహాయం ఆన్ చెయ్యమ్మా, ఇప్పుడే చెయ్యి, నేను పెట్టేస్తున్నా అంది.

10:20

ఆన్ చేశాను.

మొదట ఫ్రిజ్. అది ఇంతసేపూ మూలుగుతోందని తెలియదు. తర్వాత నా చెప్పులు, నేల మీద రాసుకుంటూ. నేను నడిస్తే చప్పుడవుతుంది. కాగితం మడిస్తే కరకరలాడింది. అప్పుడు ఇంటి పైనా చుట్టూ ఏదో పెద్దగా, వేయించిన వేరుశెనగ గింజలు చాటలోకి పోసినట్టు. భయపడి గోడ పట్టుకున్నాను.

వాన. మన రేకుల మీద వాన.

ఆరో తేదీ దగ్గర వాన తక్కువ అని రాశాను. కొట్టేయలేదు. పక్కన రాశాను: పడుతూనే ఉంది.

నిలబడి విన్నాను. ఒక్కో రేకు మీద ఒక్కో రకంగా పడుతోంది. అప్పుడు వాన వెనక ఒక గొంతు. రేడియో అనుకున్నాను. లోపలి గదిలో రేడియో లేదు.

గుమ్మం దగ్గరికి వెళ్ళాను. అత్తయ్య కిటికీ వైపు తిరిగి ఉంది. పెదవులు ఆడుతున్నాయి, పూసలు తిరుగుతున్నాయి. జపం కాదు. ఆజూ, కిటికీ వెయ్యవే, దుప్పటి తడుస్తోంది అంటోంది. వినదులే. ఎందుకు వింటుంది. బేసిన్ మాట ఇంకా కడుపులోనే పెట్టుకుంది. మూడు నెలలమ్మా! నా నోరు పడిపోనూ, ఆ రోజు అందరి ముందూ అనకుండా ఉండాల్సింది. గంజిలో ఉప్పు లేదన్నా పలకదు, కాలు లాగుతోందన్నా పలకదు. పెడుతుంది, కడుగుతుంది, రాసుకుంటుంది. ఏం రాసుకుంటుందో మహాతల్లి.

గొంతు పట్టుదారమంత సన్నం. కాని ఎక్కడా తెగలేదు. తడబాటు లేదు. మరుపు లేదు.

వెళ్ళి కిటికీ వేశాను. దుప్పటి నిజంగానే తడిసింది. అత్తయ్య చేతిలో పూసలు ఆగిపోయాయి. నన్ను పైకీ కిందికీ చూసింది. ఓహో, మహారాణిగారికి ఈ రోజు చెవులొచ్చాయే అంది. తర్వాత, కోపం తీరిందా ఆజూ అంది.

మంచం అంచున, ఆ తడి మీదే కూర్చున్నాను. నా చెవులే పోయాయత్తయ్యా అని గట్టిగా ఏడ్చాను. అరవకు, నాకు బాగానే వినపడుతుంది అంది.

నవంబరు 16, శనివారం

పుస్తకం తెరవలేకపోయాను.

నవంబరు 17, ఆదివారం

మా ఆయనకు సెలవు. జరిగింది చెప్పాను. నమ్మలేదు. ఎడమ బడ్ తుడిచి ఆయన చెవిలో పెట్టాను. ఆయన చెవులకు సరిపడా కాదు, నా చెవులకు సరిపడా, అయినా చాలింది. అత్తయ్య ఆయన మొహం చూసి, గడ్డం గీసుకోరా, తీరం దొరకని ఓడదొంగలా ఉన్నావు అంది. ఆయన చేత్తో గడ్డం తడుముకున్నారు. తర్వాత గోడ వైపు తిరిగి నిలబడ్డారు, క్యాలెండరు చూస్తున్నట్టు. చాలాసేపు నవంబరే చూశారు.

బావగారికి ఫోన్ చేశాను. మంచం దొరకడం ఎంత కష్టమో తెలుసా అన్నారు. ఇన్ని సున్నలు రాసింది నువ్వే కదమ్మాయ్ అన్నారు. నేనే అన్నాను. లెక్క సరైనదే, కొలిచిన గిన్నెకే చిల్లు ఉంది అన్నాను. శనివారం వచ్చి చూస్తానన్నారు. చూశాక కూడా మార్చనని చెప్పారు.

నవంబరు 20, బుధవారం

డిసెంబరు రెండుకి ఇంకా పన్నెండు రోజులు. అత్తయ్యకు మంచం సంగతి తెలియదు అనుకున్నాను. ఆమే చెప్పింది. ఆ రోజు మీరంతా నా ముందే అరుచుకున్నారుగా, వద్దు వద్దని ఎన్నిసార్లు చెప్పాను అంది. ఆ తేదీ గడిలో నా సున్న ఉంది.

నవంబరు 23, శనివారం

బావగారు వచ్చారు. నేను ఇయర్‌బడ్ ఇవ్వబోతే వద్దన్నారు. ఇలాంటివి మనకు కావలసిందే వినిపిస్తాయి, నా చెవులు బాగానే ఉన్నాయి అన్నారు. అయితే ఆ చెవినే దగ్గర పెట్టండి అన్నాను. వంగి అత్తయ్య పెదవుల దగ్గర చెవి పెట్టారు. నేను గది గుమ్మంలోనే నిలబడ్డాను. నా గుండె చప్పుడు కూడా వినిపిస్తోంది, ఈ మిషను వల్లో కాదో తెలియదు.

అత్తయ్య ముక్కు ఎగబీల్చింది. సిగరెట్టు వాసన! కొత్త సంవత్సరం నాడే మానేశానన్నావు కదరా, నీ పెళ్ళానికి చెప్పనా అంది.

యాభై తొమ్మిదేళ్ళ మనిషి చెవుల దాకా ఎర్రబడ్డారు. అలాగే వంగి ఉండిపోయారు, లేవలేదు. ఇంకా ఏమేమో చెప్పించుకున్నారు. వినకూడదని నేను వంటింట్లోకి వెళ్ళాను, అక్కడికీ వినిపిస్తే బడ్స్ తీసి డబ్బాలో పెట్టాను. ఈసారి మూత వెయ్యడం తప్పు కాదు.

వెళ్ళేటప్పుడు చెప్పులేసుకుంటూ, మంచం వద్దని నేనే ఫోన్ చేస్తాను అన్నారు. మా ఆవిడకు మాత్రం సిగరెట్టు సంగతి చెప్పకు అన్నారు.

నవంబరు 27, బుధవారం

చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎడమ చెవికి అసలైన మిషను చేయించాలట, అది వచ్చేదాకా ఇవి. మా ఆయనను కూడా లాక్కెళ్ళాను. పరీక్ష గదిలో ఆయన ఏమీ వినకుండానే అన్నిసార్లూ నొక్కారట.

నవంబరు 28, గురువారం

పాత సున్నలను ఎలా సరిచేయాలో తెలియలేదు. కొట్టేస్తే అబద్ధం, ఉంచితే అబద్ధం. అత్తయ్యను అడిగాను, ఆ రోజుల్లో ఏమేం అన్నారు అని. అన్నీ గుర్తుంచుకోవడానికి నేనేం పుస్తకాన్నా అంది. కాసేపటికి, రోజూ ఒక్కటి మాత్రం తప్పకుండా అడిగేదాన్ని అంది. అదేమిటో నాకు తెలుసు, కిటికీ వేసిన రోజు విన్నాను.

డిసెంబరు 2, సోమవారం, సాయంత్రం 6:48

బండొస్తోందే ఆజూ అంది అత్తయ్య.

బడ్స్ ఛార్జింగ్‌లో ఉన్నాయి. కుడి చెవి అత్తయ్య పెదవుల దగ్గరే పెట్టి కూర్చున్నాను, బండి పాట మాత్రం నాకింకా వినపడలేదు. సంచులు పట్టుకుని దిగాను.